సొంతానికి చేసుకునే బీరుకూ లైసెన్సు కావాలా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది అనంతపురం. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, రెండేళ్లుగా ఇంటి నుంచే పని. అంతకుముందు ఆఫీసు పని మీద జర్మనీలోని కొలోన్‌లో ఆరు నెలలు ఉన్నాను. అక్కడి కోల్ష్ బీరు బాగా నచ్చింది. అలాంటిదే ఇంట్లో చేసుకుందామని ఐదు కిలోల బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదు ఇచ్చే పువ్వులు), ఈస్ట్ ప్యాకెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. పాత ఫ్రిజ్‌కు టెంపరేచర్ కంట్రోలర్ బిగించాను. ఇంకా మొదలుపెట్టలేదు. చేస్తే ఇరవై లీటర్లు, అదీ నాకూ ఇద్దరు ఫ్రెండ్స్‌కూ. ఒక్క సీసా అమ్మను. మా నాన్న మాత్రం 'ఎక్సైజోళ్లు వచ్చి తీసుకుపోతారు' అని రోజూ గొడవ. అమెరికాలో, జర్మనీలో ఇంట్లో చేసుకోవచ్చు కదా, ఇక్కడ సొంతానికి చేసుకున్నా తప్పేనా?

జవాబు: మీ నాన్నగారు చెప్పిందే నిజం. మొదలుపెట్టకముందే అడిగారు, అది మంచి పని చేశారు.

మీ ఉత్తరంలో మీరు ఎక్కువగా నమ్ముకున్నది 'అమ్మను' అనే మాట. మన చట్టం అమ్మకం దగ్గర మొదలు కాదు, తయారీ దగ్గరే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968లోని సెక్షన్ 13 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పదార్థం తయారు చేయకూడదు. ఎంత చేశారు, ఎవరి కోసం చేశారు అన్నది తర్వాతి సంగతి. రెండు లీటర్లయినా తయారీ తయారీయే. వైన్ షాపులో కొన్న సీసాలు ఇంట్లో ఇన్ని ఉంచుకోవచ్చని ఒక పరిమితి ఉంటుంది. చాలామంది దాన్ని చూసి, 'ఆ లెక్కలోపల మనమే చేసుకుంటే ఏమైంది' అంటారు. ఆ పరిమితి సుంకం కట్టి బయటికొచ్చిన మద్యానికి. మీ వంటింట్లో పుట్టినదానికి అది వర్తించదు.

'నాటుసారా కాసేవాళ్లకూ నాకూ పోలికా?' అని మీకు అనిపించవచ్చు. సారా కాస్తారు, బీరు పులియబెడతారు, రెండూ ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ చట్టం ఇచ్చిన అర్థాలు చూడండి. 'బీరు' అంటే ఏల్, స్టౌట్, పోర్టర్, మాల్ట్‌తో పులియబెట్టి చేసే ఇతర పానీయాలన్నీ. మీ కోల్ష్ ఏల్ జాతిదే కాబట్టి నేరుగా అందులోనే పడింది. 'తయారీ' అంటే సహజంగా గానీ కృత్రిమంగా గానీ మత్తు పదార్థం పుట్టే ప్రతి ప్రక్రియ. ఆ 'సహజంగా' అన్న ముక్క వల్ల, 'నేను మాల్ట్ ఉడకబెట్టానంతే సార్, మిగతాదంతా ఈస్టే చేసుకుంది' అని చెప్పినా పనికిరాదు. పేపర్లో 'రెండు వందల లీటర్ల బెల్లం ఊట ధ్వంసం' అని వార్త చదువుతుంటారు కదా. మీ ఫ్రిజ్‌లో పదహారు డిగ్రీల దగ్గర బుడగలు వచ్చే బకెట్‌ను కూడా పంచనామాలో 'ఊట' అనే రాస్తారు.

ఇక అమెరికా మాట. అక్కడ 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో కేంద్ర స్థాయిలో ఇంటి బీరుకు పన్ను లేని దారి దొరికింది. జర్మనీలో సొంత వాడకానికి చేసుకునేవాళ్లకు ఏడాదికి 200 లీటర్ల దాకా పన్ను లేకుండా వదిలేవారు, 2024 నుంచి దాన్ని 500 లీటర్లు చేశారు. ఇవేవీ మన కోర్టులో పనికిరావు. మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో, రాష్ట్రాల జాబితా ఎనిమిదో అంశంలో మద్యం తయారీ, నిల్వ, రవాణా, కొనుగోలు, అమ్మకం అన్నీ రాష్ట్రాల చేతికిచ్చింది. అందుకే కర్ణాటక సరిహద్దులోని కోడికొండ చెక్‌పోస్టు దాటగానే లెక్క మారిపోతుంది. బెంగళూరులో అక్కడికక్కడే బీరు చేసి అమ్మే మైక్రోబ్రూవరీలు ఉన్నాయని మీకు నాకంటే బాగా తెలుసు. అవి లైసెన్సు తీసుకున్న వ్యాపారాలు. ఇంట్లో సొంతానికి చేసుకునేవాడికి ఇచ్చే లైసెన్సు అనేది మన రాష్ట్రంలో లేదు, కాబట్టి 'అప్లై చేసుకుంటాను' అనే దారి కూడా లేదు. మద్యం వ్యాపారమే ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో చెప్పేసింది. ఇంక హాబీ హక్కు అని వాదిస్తే జడ్జి గారు కళ్లజోడు తీసి మనల్నే చూస్తారు.

మీరు అడగలేదు గానీ, అసలు చెప్పాల్సింది ఇది. ఇంకా చేయలేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. తయారీ ఉద్దేశంతో ముడిసరుకు, పాత్రలు, పరికరాలు దగ్గర పెట్టుకోవడాన్ని కూడా అదే సెక్షన్ 13 నిషేధిస్తుంది. శిక్ష సెక్షన్ 34 కింద, అందులో జైలూ ఉంది, జరిమానా ఉంది. మాల్ట్ కొనడం నేరం కాదు, ఫ్రిజ్ నేరం కాదు. ఇవన్నీ ఒకచోట చేర్చింది ఎందుకన్న ఉద్దేశమే చిక్కు. ఆ ఉద్దేశాన్ని నిరూపించడానికి వాళ్లు పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఆర్డర్ వివరాలు, ఫ్రెండ్స్ గ్రూపులో మీరు పెట్టిన మెసేజీలు మీ ఫోన్‌లోనే ఉంటాయి. నిజానికి ఇలాంటి బకెట్ కోసం ఇల్లిల్లూ వెతికేవాళ్లు లేరు. కేసులు వచ్చేది పక్కింటివాళ్లతో గోడ తగాదా ముదిరినప్పుడు, ఒక ఫోన్ కాల్ మీద. ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో నేను చూసింది ఇదే.

ఎక్సైజ్ వాళ్లు వస్తే అడ్డుపడకండి, వాదించకండి. సోదాను వీడియో తీయాలని సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 చెబుతోంది, తీయమని మర్యాదగా అడగండి. జప్తు జాబితా కాపీ తీసుకోండి. చదవకుండా సంతకం పెట్టకండి. అరెస్టు భయం ఉంటే ముందస్తు బెయిలు అదే సంహిత సెక్షన్ 482 కింద అడగవచ్చు.

జైలు మాట పక్కన పెట్టినా, మీలాంటి వాళ్లకు తగిలే దెబ్బ పాస్‌పోర్టు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) కింద ఇవ్వకపోవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే దారి ఉంది, కానీ కంపెనీ 'వచ్చే నెల కొలోన్ వెళ్లాలి' అన్నప్పుడు మీరు వాయిదాల చుట్టూ తిరుగుతుంటారు.

కాబట్టి సరుకు వాపసు తీసుకుంటారేమో అమ్మినవాళ్లను అడగండి. తీసుకోకపోతే మాల్ట్ పిండి పట్టించి రాగిజావలో కలుపుకోండి, తియ్యగా బాగానే ఉంటుంది. ఈస్ట్ ప్యాకెట్, హాప్స్ మాత్రం ఇంట్లో ఉంచకండి. ఆ కంట్రోలర్ తీసేసి ఫ్రిజ్ మళ్లీ వంటింట్లో పెట్టండి. అనంతపురం ఎండలకు మజ్జిగ చల్లగా ఉంచడానికి మీ నాన్నగారికి పనికొస్తుంది. కోల్ష్ సంగతంటారా, యూరప్‌లో 1997 నుంచి ఆ పేరుకు రక్షణ ఉంది, కొలోన్ ప్రాంతంలో చేసిందే కోల్ష్. మీరు ఇక్కడ ఎంత బాగా చేసినా అక్కడివాళ్లు దాన్ని కోల్ష్ అనరు. ఈసారి ఆఫీసు వాళ్లు పంపినప్పుడు అక్కడే కూర్చుని ఆ రెండు వందల మిల్లీలీటర్ల సన్న గ్లాసుల్లో తాగి రండి. చాలనిపించినప్పుడు గ్లాసు మీద అట్టబిళ్ల పెట్టడం మరచిపోవద్దు, లేకపోతే అక్కడి వెయిటర్ ఇంకోటి తెచ్చి పెడుతూనే ఉంటాడు.