రైడింగ్ బూట్లకు 26 వేలు: ఈఎంఐ పెట్టి కొనొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రాజమహేంద్రవరంలో మెడికల్ రెప్‌గా పనిచేస్తున్నాను. చేతికొచ్చే జీతం 38 వేలు. టీఏ, డీఏ (ప్రయాణ, దినసరి భత్యాలు) వేరు. వారంలో రెండు రోజులు రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఎక్స్-స్టేషన్ పని (ఊరు దాటి వెళ్లి అదే రోజు తిరిగిరావడం) ఉంటుంది, బండి మీదే వెళ్తాను. పోయిన వానాకాలమంతా తడిసిన బూట్లతోనే తిరిగాను. వేళ్ల సందులు ఒరిసిపోయి నానా అవస్థా పడ్డాను. దానికి తోడు ఈమధ్యే మా తోటి రెప్ ఒకతను ఘాట్‌లో బండి జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. నేను ఒక విదేశీ కంపెనీ వాటర్‌ప్రూఫ్ టూరింగ్ బూట్లు చూసుకున్నాను. ధర 26 వేలు, 9 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఇస్తున్నారు. ఇప్పటికే బండి వాయిదా 5,800, ఇంటద్దె 8,500 పోతున్నాయి. 40 నెలల 2 లక్షల చిట్టీకి నెలకు 5 వేలు కడుతున్నాను, ఇంకా సగం కూడా అవలేదు. బ్యాంకులో 45 వేలు ఉన్నాయి. మా ఆవిడేమో ‘చెప్పులకు పాతికవేలా?’ అంటోంది. ఈఎంఐ ఎందుకు, చిట్టీ పాడేసి కొనుక్కో అని ఒక స్నేహితుడి సలహా. ఏం చేయమంటారు?

జవాబు: బూట్లు తప్పకుండా కొనండి. కానీ ఈ 26 వేలవి కాదు, ఈఎంఐ మీద కాదు. చిట్టీ జోలికి అసలు పోవద్దు.

ముందు ఇంట్లో గొడవ సంగతి. మీ ఆవిడ దీన్ని చెప్పుల ఖర్చు కింద రాసుకుంటున్నారు, అందుకే అంత కోపం. వారానికి రెండు రోజులు ఘాట్ రోడ్డెక్కే మనిషికి రైడింగ్ బూట్లు పనిముట్ల కిందికి వస్తాయి. ఆమాటకొస్తే టీఏలో కిలోమీటరుకు ఇచ్చే రేటు పెట్రోలుకు మాత్రమే కాదు, బండి అరుగుదలకు, మీ అరుగుదలకు కూడా. కాబట్టి ఈ ఖర్చు ఇంటి బడ్జెట్‌లోంచి కాకుండా టీఏ, డీఏ మిగులులోంచి రావాలి. అలా చెబితే ఆవిడకూ అభ్యంతరం ఉండకపోవచ్చు. అయితే 26 వేలు ఎక్కువన్న మాటలో మాత్రం నేను ఆవిడ పక్షమే.

ఎందుకో మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి. అద్దె, బండి వాయిదా, చిట్టీ కలిపితే నెలకు 19,300. బియ్యం, పాలు, కరెంటు బిల్లు ఇంకా లెక్కలోకి రాలేదు. బ్యాంకులో ఉన్న 45 వేలు అంటే ఈ మూడింటికీ రెండు నెలల పైచిలుకు మాత్రమే. అందులోంచి 26 వేలు తీస్తే 19 వేలు మిగులుతాయి, ఒక్క నెలకు కూడా చాలవు. ఈఎంఐ అయితే నెలకు 2,889 చొప్పున పెరిగి, జీతంలో 58 శాతం ఒకటో తారీఖుకే ఖర్చు రాసేసుకున్నట్టవుతుంది. నో-కాస్ట్ అన్నారుగా అంటే, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, బ్యాంకు వేసే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. మీ మొత్తానికి రెండూ కలిపి ఓ ఐదొందలు. అది పెద్ద నష్టమేమీ కాదు. నగదు ఇస్తే దుకాణదారు తగ్గించే వెయ్యో రెండు వేలో పోవడమే అసలు నష్టం.

ఇప్పుడు మీ తోటి రెప్ చీలమండ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు భయం అదే. కాలు విరిగితే ఆసుపత్రి బిల్లు కంపెనీ గ్రూప్ మెడిక్లెయిమ్‌లో చాలావరకు పోతుంది. ఆ తర్వాత ఇంట్లో కూర్చునే వారాల మాటేమిటి? కట్టు విప్పడానికే నెలన్నర పడుతుంది, ఫిజియోథెరపీ అయ్యి మళ్లీ బండెక్కేసరికి రెండు మూడు నెలలు. ఆ రోజుల్లో టీఏ, డీఏ సున్నా, టార్గెట్ లేదు కాబట్టి ఇన్సెంటివ్ కూడా సున్నా. బండి ఇన్సూరెన్స్‌లో 15 లక్షల ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందిగా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. అతుక్కునే ఎముకకు దానిలో పైసా రాదు. థర్డ్ పార్టీ అనేది అవతలి వాళ్ల కోసం. జీతం 21 వేలు దాటింది కనుక ఈఎస్ఐ కూడా మీకు ఉండదు.

ఆ ఖాళీని పూడ్చేది విడిగా తీసుకునే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. అందులో ‘తాత్కాలిక పూర్తి అశక్తత’ ప్రయోజనం ఉండాలి. పని చేయలేని ప్రతి వారానికీ సాధారణంగా బీమా మొత్తంలో 1 శాతం, ఒక పరిమితికి లోబడి ఇస్తారు. 10 లక్షల కవర్‌కు ఏడాదికి రెండు మూడు వేలు పెట్టుకుంటే సరిపోతుంది. తీసుకునే ముందు మీ హెచ్‌ఆర్‌ను రెండు సంగతులు అడగండి: కంపెనీకి గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉందా, ఉంటే అందులో ఈ వారపు చెల్లింపు ఉందా. రెండూ ఉంటే మీరు వేరే తీసుకోనక్కర్లేదు. ఇంకో మాట, డ్యూటీలో ఉండగా ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదేనని చట్టం చెబుతోంది, మెడికల్ రెప్‌లకూ అది ఎప్పటినుంచో వర్తిస్తుంది. అందుకే ఆ రోజు ఏ డాక్టర్ల దగ్గరికి వెళ్తున్నారో కంపెనీకి ముందుగా ఇచ్చే టూర్ ప్రోగ్రామ్‌లో ఉండేలా చూసుకోండి. తర్వాత తేదీ మార్చుకుని రాసుకుందాంలే అనుకోవద్దు.

ఇక బూట్లు. ధర ట్యాగ్ కన్నా ముందు నాలిక లోపల కుట్టిన లేబుల్ చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 13634 ప్రకారం పరీక్షించిన బూటైతే సీఈ గుర్తు, మోటార్‌సైకిల్ బొమ్మ, దాని కింద నాలుగు అంకెలు ఉంటాయి. ఒక్కోటి 1 గానీ 2 గానీ. మొదటిది బూటు ఎత్తు, రెండోది రోడ్డు మీద రాపిడిని తట్టుకోవడం, మూడోది కోత పడకుండా ఆపడం, నాలుగోది పాదం మీద బండి పడితే బూటు అడ్డంగా నలగకుండా నిలవడం. వీటి పక్కన ఐపీఏ అని ఉంటే చీలమండకు దెబ్బ తగలకుండా రక్షణ ఉన్నట్టు, డబ్ల్యూఆర్ అంటే నీటి పరీక్ష నెగ్గినట్టు. మీకు కావాల్సినవి ఈ రెండూ, చివరి అంకె దగ్గర 2 ఉంటే మరీ మంచిది. దేశీ కంపెనీలు ఓరాజో, రైడా లాంటివి కూడా రైడింగ్ బూట్లు తయారుచేస్తున్నాయి. 8 నుంచి 12 వేల మధ్యలో మీకు పనికొచ్చేవి వెతుక్కోవచ్చు. కాకపోతే లేబుల్ అన్ని మోడళ్లకూ ఉండదు. అది లేకపోతే అమ్మేవాళ్లు ఎన్ని చెప్పినా ఆ ధర పెట్టొద్దు.

మరి 26 వేల బూటులో ఎక్కువ రక్షణ ఉండదా? ఉంటుంది. పిక్క దాకా వస్తుంది, గట్టిగా ఉంటుంది. లేహ్ వెళ్లేవాళ్లకు నేనే కొనమంటాను. మీ రోజు వేరు. పొద్దున స్టాకిస్టు దగ్గర, మధ్యాహ్నం ఓపీ బయట గంటన్నర నిలబడి, సాయంత్రం నర్సింగ్ హోముల్లో మూడో అంతస్తు మెట్లు. ఆ బూట్లు వేసుకుని డాక్టరు గదిలోకి వెళ్తే ఆయన ముందు మీ కాళ్ల వంకే చూస్తారు. వారం తిరక్కుండా అవి మంచం కిందికి చేరతాయి, మీరు మళ్లీ మామూలు షూస్‌తో ఘాట్ ఎక్కుతారు. చీలమండ దాటి నాలుగు వేళ్ల ఎత్తున్న నల్ల బూటైతే ప్యాంటు కింద కనిపించదు, రోజంతా నడవొచ్చు.

వాటర్‌ప్రూఫ్ విషయంలో ఎక్కువమంది మోసపోయేది పైనుంచి. బూటు లోపల గోర్‌టెక్స్ లాంటి పొర ఉంటే తోలులోంచి నీళ్లు రావు. కానీ వాన నీళ్లు ప్యాంటు మీదుగా జారి అంచులోంచి బూటులోకి దిగుతాయి, ఆ పొరే వాటిని బయటికి పోనివ్వదు. మారేడుమిల్లి వానలో అరగంట చాలు, బూటు నీళ్ల సంచి అయిపోతుంది. రెయిన్ ప్యాంటు బూటు పైనుంచి కిందికి రావాలి, లోపలికి దోపకూడదు. ‘వాటర్ రెసిస్టెంట్’ అని రాసి ఉన్నవి చినుకులకు తప్ప జడివానకు ఆగవు. తడిసినవాటిని పొయ్యి దగ్గర, ఎర్రటి ఎండలో పెడితే తోలు పగిలి, అతికించిన సోల్ ఊడొస్తుంది. పాత న్యూస్‌పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. మే నెలలో మాత్రం ఈ పొర వల్ల కాలు ఉడుకుతుంది, అది భరించాల్సిందే. నూలు సాక్సులు మానేసి చెమట పట్టి ఉంచనివి రెండు జతలు కొనండి.

ఇంకా చౌక దారి లేదా అంటారేమో. గమ్‌బూట్లు నీటికి భేషుగ్గా ఉంటాయి, పడితే కాలిలోంచి ఊడిపోతాయి. ఫ్యాక్టరీల్లో వాడే సేఫ్టీ షూస్ రెండు వేలకు వస్తాయి. ఐఎస్ఐ గుర్తున్నవైతే ముందు భాగంలో వేళ్లకు మంచి రక్షణ, చీలమండకు ఏమీ ఉండదు. పైగా ఆ ఇనుప ముక్కు గేరు కింద ఇరుక్కుంటుంది.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మీ బండి మీద కూర్చుని గేర్లు మార్చి చూడండి. ఎడమ బూటు పైభాగం గేరు లివర్ కింద తేలిగ్గా దూరాలి, అక్కడ అరగకుండా రబ్బరు ముక్క ఉండాలి. తాళ్లుంటే వాటిని కప్పే పట్టీ తప్పనిసరి, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు ఫుట్‌రెస్ట్‌కు చుట్టుకుంటాయి. మడమ ఒక చేత్తో, ముందు భాగం ఒక చేత్తో పట్టుకుని గుడ్డ పిండినట్టు తిప్పండి. సులువుగా మెలి తిరిగితే వదిలేయండి. సగం ధరకు పాత స్టాక్ ఇస్తామంటే మాత్రం తయారీ తేదీ అడగండి. పాలీయురేథేన్ సోల్ గాలిలో తేమకు వాడకపోయినా లోలోపల పాడవుతుంది. అట్టపెట్టెలో నాలుగైదేళ్లున్న కొత్త బూటు సోల్ మొదటి నెలలోనే పొడిగా రాలిపోవచ్చు. 2,500 దాటిన చెప్పులు, బూట్లకు 18 శాతం జీఎస్టీ ఎలాగూ కడుతున్నారు, బిల్లు, వారంటీ కార్డు తీసుకోకుండా రావద్దు.

డబ్బు ఇలా సర్దండి. యాక్సిడెంట్ పాలసీ ఈ నెలలోనే, బ్యాంకులో ఉన్నదాంట్లోంచి. బూట్ల కోసం ఆ 2,889 వాయిదాను కార్డుకు బదులు మీ సొంత ఖాతాలో విడిగా వేసుకుంటూ పోండి, మూడున్నర నెలల్లో 10 వేలు దాటుతుంది. అంతకుముందే వానలు మొదలైతే తక్కువపడింది బ్యాంకు నుంచి తీసుకుని తర్వాతి టీఏతో పూడ్చండి. హెల్మెట్ పాతదై, లోపలి థర్మాకోల్ అదిమితే మెత్తగా దిగిపోతుంటే, బూట్ల కన్నా ముందు అదే మార్చాలి.

చిట్టీ సంగతి చెప్పి ముగిస్తాను. సగం కూడా అవని చిట్టీని ఇప్పుడు పాడితే 2 లక్షల్లో 25 శాతం తగ్గించుకున్నా 50 వేలు వదులుకోవాలి. 26 వేల వస్తువు కోసం అంత నష్టపోవడం ఏం లెక్కో మీ స్నేహితుడినే అడగండి. పైగా చేతిలో లక్షన్నర పడ్డాక బూట్లతో ఆగుతారన్న నమ్మకం నాకు లేదు. జామీను సంతకాల కోసం ఇద్దరిని బతిమాలుకోవాలి కూడా. చివరి నెలల దాకా ఆపి ఎత్తుకోండి. వచ్చినదాంట్లో ముందుగా ఆరు నెలల ఇంటి ఖర్చు మీ ఇద్దరి పేరునా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, బండి అప్పు ఇంకా ఉంటే మిగతాదాంతో దాన్ని తీర్చేయండి.