లాన్ తీసే ముందు దారి గీయండి

లాన్ తీసేసి, నీళ్ళు తక్కువ తాగే మన మొక్కలు పెట్టుకోవాలని ఉందనీ, కానీ ఇల్లు కంపల మధ్య ఉన్నట్టు కనబడుతుందని ఇంట్లో వాళ్ళు భయపడుతున్నారనీ రాశారు. నాలుగేళ్ళ క్రితం మా ఇంట్లో ఇదే మాట అన్నది మా అత్తయ్య. మేముండేది హైదరాబాద్ శివార్లలో. ఇంటి ముందు దాదాపు 60 చదరపు మీటర్ల కార్పెట్ గడ్డి ఉండేది.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిచిందంటే అది ఒక లీటరు. ఎండాకాలంలో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్లయినా పట్టాలి. అంటే మాకు రోజుకు 300 లీటర్లు, నెలకు 9,000. ఏప్రిల్‌లో బోరు ఎండిపోయాక 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు గడ్డికే పోయేవి. ఆ గడ్డి మీద నడిచేది మాత్రం దాన్ని కోయడానికి వచ్చే మాలి ఒక్కడే.

మొదట్లోనే ఒక తప్పు చేశాను. గడ్డి మొత్తం పారతో తిరగేయించాను. రెండు వారాల్లో నేలంతా తుంగ. తుంగ గడ్డలు భూమిలో గొలుసులా ఉంటాయి. పార తగిలి గొలుసు తెగితే ముక్క ముక్కకూ ఒక మొక్క లేస్తుంది. అట్ట పరిచి మట్టి కప్పితే, ఆ అట్టనే పొడుచుకుని సూదుల్లా పైకొచ్చింది! చివరికి వాన పడిన మర్నాడల్లా పొడవాటి ఇనుప గునపంతో గడ్డతో సహా లాగడమే మిగిలింది. ఏడాది పట్టింది. మీ లాన్‌లో తుంగ ఉంటే తవ్వించకండి. తుంగ లేకపోతే నేలను బాగా తడిపి, మే నెలంతా దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంచి, అంచులు మట్టితో మూసేయండి. ఆ వేడికి మామూలు గడ్డి చాలావరకు చస్తుంది.

ఇక కంపల సంగతి. తోటను కంపలా కనిపించేలా చేసేది అంచులు లేకపోవడమే తప్ప మొక్కలు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. గేటు నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి కుళాయి దాకా మీరు రోజూ నడిచే బాట ఉంటుంది కదా, దాన్ని ముందు గీయండి. మేము మూడడుగుల వెడల్పున షాబాద్ బండలు పరిచి, పక్కన ఒక వరుస ఇటుకలు నిలబెట్టాం. అంతే, లోపల అవే మొక్కలు, కానీ అత్తయ్య దాన్ని తోట అనడం మొదలుపెట్టింది. బాట పక్కన మోకాలి ఎత్తు మించనివి, గోడ వైపు పొడవైనవి ఉంచాలి. గోడకూ మొక్కలకూ మధ్య రెండడుగులు ఖాళీ వదలండి. పాముల భయానికి నాకు తెలిసిన మందు ఇదే. చెత్త పోగులు, రాళ్ళ గుట్టలు లేకుండా చూస్తే ఎలుకలు చేరడం తగ్గుతుంది, వాటి కోసం పాములు రావడమూ తగ్గుతుంది.

మొక్కలను సగం అత్తయ్య పూజే నిర్ణయించింది: నందివర్ధనం, పారిజాతం, ఇటుకల వెంట బిళ్ళగన్నేరు. బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్, కానీ ఇక్కడి ఎండను మనకంటే బాగా ఓర్చుకుంటుంది. అలా అలవాటు పడినవాటిని పరాయివని తోసిపుచ్చనక్కర్లేదు. లాంటానాను మాత్రం రానివ్వకండి, అది కంచె దాటి పోతుంది. పెద్ద గన్నేరు మొక్కంతా విషం, చిన్న పిల్లలుంటే వద్దు. పైకప్పు నీరు పడే మూల కోసుకుపోతుంటే అక్కడ వట్టివేరు నాటాం.

నాకు ఇష్టమైనది తంగేడు. రోడ్డు పక్క నుంచి పెకిలించి తెచ్చిన రెండు మొక్కలూ చచ్చాయి. దాని తల్లివేరు లోతుకు పోతుంది, తెగితే కోలుకోవడం కష్టం. గింజలను వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి మృగశిర కార్తెలో నేరుగా నేలలో వేస్తే మొలిచాయి. రెండో ఏడు ఆకుల నిండా పచ్చటి గొంగళిపురుగులు. మందు కొడదామన్నాడు మాలి. వద్దని ఆపాను. కొమ్మలు బోసిపోయాయి, తరువాత లేత పసుపు సీతాకోకచిలుకలు ఎగిరాయి, నెల తిరక్కుండా చెట్టు మళ్ళీ చిగిర్చింది. పక్కన గునుగు తనంతట తానే మొలిచింది. ఇప్పుడు బతుకమ్మకు ఆ రెండు పూలూ మేం బజారులో కొనడం లేదు.

‘మన మొక్కలకు నీళ్ళే అక్కర్లేదు’ అనే మాట నమ్మకండి. మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు, వేరు దాకా దిగేలా పోయాలి. రెండో ఎండాకాలం పది రోజులకోసారి సరిపోయింది. మొదళ్ళకు తగలకుండా చుట్టూ రెండు మూడంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. మొదటి ఏడు తోట బోడిగానే ఉంటుంది. ఆ ఖాళీ చూడలేక మొక్కలు దగ్గర దగ్గరగా కుక్కితే తరువాత పీకలేక ఏడవాలి, నేను ఏడ్చాను.

పిల్లలు ఆడుకోవడానికి చోటు కావాలంటే లాన్ పూర్తిగా మానక్కర్లేదు. మంచం పరిచేంత జాగాలో మేం గరిక ఉంచాం. ఎండల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది, వాన పడగానే లేస్తుంది, వినాయక చవితికీ పనికొస్తుంది.

మీ స్థలం ఏ దిక్కుకు ఉంది, మధ్యాహ్నం ఎండ ఎంతసేపు పడుతుంది, వాన నీరు ఎటు పారుతుంది, ఈ మూడూ రాయండి. ఏది ఎక్కడ పెట్టాలో అప్పుడు చెప్పగలను.