ఎంఐబీ ఫైలు ఎక్కకపోతే ముందుగా ఇంపోర్ట్స్ భాగాన్ని చదవండి

కొత్త స్విచ్ కోసం తయారీ సంస్థ సైటు నుంచి దించుకున్న ఎంఐబీ ఫైలును (నెట్‌వర్క్ పరికరాలను గమనించే ఎస్ఎన్ఎంపీ పద్ధతిలో పరికరం పంపే అంకెలకు పేర్లు, అర్థాలు చెప్పే ఫైలును) మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో లోడ్ చేస్తే ‘మాడ్యూల్ దొరకలేదు’ అనే ఎర్రర్ వస్తోందని, ఫైలే పాడై ఉంటుందా అని మీరు అడిగారు. చాలా సందర్భాల్లో ఫైలు బాగానే ఉంటుంది, దానికంటే ముందు లోడ్ కావలసిన ఫైళ్లే లేకుండా ఉంటాయి.

ఎంఐబీ అనేది మామూలు టెక్స్ట్ ఫైలే కనుక దాన్ని ఎడిటర్‌లో తెరవండి. మొదట్లో ‘డెఫినిషన్స్’ అనే మాటకు ముందున్నది మాడ్యూల్ అసలు పేరు. ఫైలు పేరు వేరుగా ఉన్నా సాఫ్ట్‌వేర్ ఈ పేరునే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ కిందనే ఉండే ‘ఇంపోర్ట్స్’ భాగంలో ‘ఫ్రమ్’ తర్వాత వచ్చే ప్రతి పేరూ మీ దగ్గర ఉండవలసిన మరో మాడ్యూల్. వాటిలో కొన్ని అందరికీ ఉమ్మడివి: ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలు) 2578, 2579, 2580లలో ఉన్న ఎస్ఎంఐ (ఎంఐబీలను రాసే భాష) రెండో వెర్షన్ మాడ్యూళ్లు, ఇంటర్‌ఫేస్‌ల కోసం 2863లో ఉన్న ఐఎఫ్-ఎంఐబీ వంటివి. తక్కినవి ఆ తయారీ సంస్థవి. ఎంఐబీలు వాడే సంఖ్యల చెట్టులో 1.3.6.1.4.1 అనే కొమ్మ కింద ప్రతి సంస్థకూ, ఇంటర్నెట్ సంఖ్యలను కేటాయించే ఐఏఎన్ఏ ఒక సంఖ్య ఇస్తుంది (సిస్కోది 9), ఆ సంఖ్యను నిర్వచించే మూల ఫైలు లేకుండా ఆ సంస్థ పరికరాల ఫైళ్లు సాధారణంగా నిలబడవు. కాబట్టి ఒక్క ఫైలును కాకుండా, మీ ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్‌కు సరిపోయే మొత్తం జిప్‌ను దించుకొని, ఉమ్మడివి, మూల ఫైలు, పరికరం ఫైలు అనే వరుసలో లోడ్ చేయండి.

వెర్షన్ సంగతి నేను కష్టపడి నేర్చుకున్నాను. ఒక యూపీఎస్ నెట్‌వర్క్ కార్డు పంపే ట్రాప్‌లు (పరికరం తనంతట తానే పంపే హెచ్చరికలు) అంకెలుగానే కనిపిస్తుంటే, ఎంఐబీలను పోగుచేసి పెట్టే ఒక సైటు నుంచి ఫైలు తెచ్చి లోడ్ చేశాను. ఎర్రర్ ఏదీ రాలేదు, కానీ సగం ట్రాప్‌లకు మాత్రమే పేర్లు వచ్చాయి. రెండు రోజులు ట్రాప్ రిసీవర్ సెట్టింగులనే తిరగేశాక, ఫైలులోని ‘లాస్ట్-అప్‌డేటెడ్’ వరుసను చూసినప్పుడు అది కార్డు ఫర్మ్‌వేర్ కంటే ఎన్నో ఏళ్లు పాతదని తెలిసింది. కొత్తగా చేరిన ట్రాప్‌లు అందులో అసలు లేవు. కార్డు వెబ్ పేజీలోనే సరైన ఫైలు దించుకునే లింకు ఉంది. ఇప్పుడు ఏ పరికరానికైనా నేను ముందు అక్కడే వెతుకుతాను.

ఉమ్మడి మాడ్యూళ్లను ఆర్ఎఫ్‌సీ పాఠం నుంచి కాపీ చేసుకునేటప్పుడు, మధ్యమధ్యలో వచ్చే పేజీ శీర్షికలు, పేజీ సంఖ్యలు కూడా వెంట వచ్చి పార్సర్‌ను (ఫైలును చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామును) ఆపేస్తాయి. డెబియన్ లినక్స్‌లో అయితే ‘ఎస్ఎన్ఎంపీ-మిబ్స్-డౌన్‌లోడర్’ ప్యాకేజీ వాటిని శుభ్రంగా తెచ్చిపెడుతుంది. అది పూర్తి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కానివి ఉంచే నాన్-ఫ్రీ విభాగంలో ఉంటుంది, పైగా ఎస్ఎన్ఎంపీ.కాన్ఫ్ ఫైలులోని ‘మిబ్స్ :’ అనే వరుసను కామెంట్‌గా (ప్రోగ్రాము పట్టించుకోని వరుసగా) మార్చకపోతే, తెచ్చిన ఫైళ్లు డిస్కులో ఉన్నా పేర్లు కనిపించవు.

అన్నీ సమకూర్చుకున్నాక నేరుగా సాఫ్ట్‌వేర్‌లో లోడ్ చేయకుండా, ముందు ఎంఐబీల్లోని తప్పులను పట్టే ‘ఎస్ఎంఐలింట్’తో పరీక్షించండి. ఇంపోర్ట్స్ అన్నీ ఉన్నా ఒక వరుస దగ్గర ఆగిపోతుంటే ఆ వరుసలోని కామెంట్‌ను చూడండి. ఈ భాషలో రెండు హైఫన్‌లతో కామెంట్ మొదలవుతుంది, అదే వరుసలో మళ్లీ రెండు హైఫన్‌లు వస్తే అక్కడితో ముగుస్తుంది. అందువల్ల అలంకారంగా గీసిన హైఫన్ల గీత తర్వాత ఉన్న మాటను కొన్ని పార్సర్లు నిర్వచనంగా చదివి ఎర్రర్ ఇస్తాయి. అసలు ఫైలును అలాగే ఉంచి, దాని కాపీలో ఆ హైఫన్లను తీసేస్తే సరిపోతుంది.