ముందు ఆర్గాన్‌తో నడుపు

పాపా,

ఏర్పేడులో పీహెచ్‌డీకి చేరి మూడు నెలలు తిరక్కముందే నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ని కరెంటుతో మార్చి రాగి మీద మిథనాల్ తీశానని ఫోన్ చేశావు. మీ అత్త ఎంత మురిసిపోయిందో! నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నా.

ఆ ప్రయోగం నడిపిన గాజు పాత్రని, అదే సెల్‌ని, ఆఖర్న దేంతో కడిగావు?

నేను ఇక్కడ తిరుపతిలో ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో గాజుసామాను తొందరగా ఆరాలని మిథనాల్ పోసి కడిగేవాళ్లం. ఏమేం తయారైందో విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో మిథనాల్‌కి చక్కటి పీక్, అంటే గ్రాఫులో శిఖరం, వచ్చేది. నాలుగు నెలలు దాన్నే నమ్ముకున్నా. ఒకరోజు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయిపోతే ఆర్గాన్ పెట్టి నడిపా. అదే పీక్, అంతే ఎత్తు. ఆర్గాన్‌లో కార్బనే లేదు కదా, అంటే ఆ మిథనాల్ మేం కడిగినప్పుడు మిగిలిందే. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసిన ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

కార్బన్ డయాక్సైడ్ మొండిది. ఏం తయారవుతుందన్నది లోహాన్ని బట్టి ఉంటుంది. వెండి, బంగారం మధ్యలో తయారయ్యే కార్బన్ మోనాక్సైడ్‌ని గట్టిగా పట్టుకోలేవు, అక్కడే వదిలేస్తాయి. తగరం, బిస్మత్ ఫార్మేట్ (ఫార్మిక్ ఆమ్లపు రూపం) ఇస్తాయి. రాగి మీథేన్, ఇథిలీన్ దాకా తీసుకెళ్తుందని 1985-86లో జపాన్‌లో యోషియో హోరి బృందం చూపించింది. కానీ మామూలు రాగిరేకు మీద మిథనాల్ చాలా కొంచెమే వస్తుంది. అంత పెద్ద పీక్ అన్నావే, నా అనుమానమంతా అక్కడే.

సెల్‌లో పోసే బైకార్బనేట్ ద్రావణంలో ఇనుము లేశమాత్రం ఉన్నా రాగి మీద పేరుకుంటుంది. మొదట బాగా నడిచి, అరగంటకల్లా హైడ్రోజన్ తప్ప ఏమీ రాకపోతే రాగిని తిట్టకు. ద్రావణాన్ని ముందే వేరే ఎలక్ట్రోడ్‌తో రాత్రంతా నడిపి శుభ్రం చెయ్యి. ఎదుటి ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం వద్దు, అదీ కొద్దికొద్దిగా కరిగి వచ్చి రాగి మీదే చేరుతుంది.

మన ఎండల సంగతి నీకు తెలిసిందే. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే సెల్ వేడెక్కుతుంది. ఎండలో పెట్టిన సోడాలో గ్యాస్ నిలవనట్టే, వేడి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కరుగుతుంది. ప్రతి రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాసుకో.

ఆర్గాన్‌తో పీక్ మాయమైతేనే మీ సార్‌ని కార్బన్-13 గ్యాస్, అంటే మామూలు కార్బన్ బదులు కాస్త బరువైన కార్బన్ ఉన్న కార్బన్ డయాక్సైడ్, అడుగు. అది ఖరీదు, ఒక్క ప్రయోగానికి సరిపడా చాలు. అణువులోని హైడ్రోజన్లను చూపే ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ పరీక్షలో మిథనాల్ గీత రెండుగా చీలితే ఆ కార్బన్ నువ్వు పంపిన గ్యాస్‌దే. ఆ రోజు నేనే ఏర్పేడు వస్తా.

ఈలోగా సెల్‌ని మంచి డీఅయొనైజ్డ్ నీళ్లతోనే కడిగి, కార్బన్ డయాక్సైడ్‌తో ఒకటి, ఆర్గాన్‌తో ఒకటి, రెండు గ్రాఫులూ ఒకే స్కేల్‌లో తీసి పంపు.

మీ మామ