పిల్లల ఓసీడీకి ఈఆర్‌పీ థెరపీ హింస కాదు: మా అమ్మాయి విషయంలో జరిగింది ఇది

మీ అబ్బాయికి 11 ఏళ్లని, చేతులు కడగడం, తలుపు గొళ్లెం మళ్లీ మళ్లీ చూసుకోవడం ఏడాదిగా పెరుగుతూ వచ్చాయని, డాక్టరు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే అక్కర్లేని భయాలు పదే పదే వచ్చి, వాటిని పోగొట్టుకోవడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) అన్నారని రాశారు. "మురికి అని భయపడే వస్తువులనే ముట్టుకోమంటారట. పసివాడికి అది హింస కాదా? మందులతో సరిపెట్టలేమా?" అని అడిగారు. మా అమ్మాయి ఈ దారిలోనే నడిచి వచ్చింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. సరిగా చేసే థెరపీలో హింస ఉండదు. కష్టం ఉంటుంది. అయితే మీ బాబు ఇప్పుడు రోజూ పడుతున్న కష్టం కంటే అది తక్కువ, పైగా దానికి ఒక ముగింపు ఉంటుంది.

మా పాపకు ఓసీడీ ఉందని తెలిసేనాటికి ఏడో తరగతి. తనకు మురికి అంటే అసహ్యమని మేము అనుకునేవాళ్లం. అసలు భయం వేరే ఉంది. తన చేతుల వల్ల నాయనమ్మకు జబ్బు చేస్తుందని, తన తలలోకి ఒక చెడు ఆలోచన వస్తే తథాస్తు దేవతలు అది విని నిజం చేస్తారని ఆ పిల్ల నెలల తరబడి వణికిపోయింది. దేవుడి గది ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆ ఆలోచన వస్తే వెనక్కి వచ్చి గడప ముట్టుకుని దండం పెట్టుకోవాలి. "సరిగ్గా" అనిపించకపోతే మళ్లీ మొదటి నుంచి. హోంవర్క్‌లో అక్షరం వంకరగా వస్తే కాగితం చిరిగేదాకా చెరపడం. రాత్రి పడుకునే ముందు "నాన్నా, ఏమీ కాదు కదా?" అనే ప్రశ్న, జవాబు చెప్పగానే మళ్లీ అదే ప్రశ్న. ఇవన్నీ ఒకే జబ్బు పనులని మాకు తెలియదు. బంధువుల్లో కొందరు చాదస్తమన్నారు, కొందరు తాయెత్తు కట్టించమన్నారు. మీకూ ఇవన్నీ చెప్పే ఉంటారు.

మీరు భయపడుతున్న థెరపీని ఈఆర్‌పీ అంటారు, అంటే ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయం పుట్టించే దాని దగ్గరకు కొద్దికొద్దిగా వెళ్లడం ఒక సగం. వెళ్లాక కడగడం, చూసుకోవడం, అడగడం లాంటి పనులు చేయకుండా ఆగడం రెండో సగం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్ ఈ పద్ధతితో ఇద్దరు రోగులకు చేసిన చికిత్సను ప్రచురించారు. అంతకుముందు ఈ జబ్బు దాదాపు నయం కాదనే అనుకునేవారు. కడుక్కున్న ప్రతిసారీ భయం కాసేపు తగ్గుతుంది, ఆ ఉపశమనమే "కడిగావు కాబట్టి బతికిపోయావు" అని మెదడుకు నేర్పుతుంది. కడగకుండా కూర్చున్న పిల్లవాడు మాత్రం, కడగకపోయినా అనుకున్న ఆపద రాలేదని, ఆ గుబులును తాను భరించగలనని స్వయంగా నేర్చుకుంటాడు. ఎంత మంచి మాటలు చెప్పినా ఆ పాఠం మాటలతో రాదు.

మొదటి సిట్టింగులలో మా సైకాలజిస్ట్ పాపను దేన్నీ ముట్టుకోమనలేదు. ముందు ఓసీడీకి ఒక పేరు పెట్టమన్నారు. పాప బాగా ఆలోచించి "సణుగుడు" అని పెట్టింది. అప్పటి నుంచి ఇంట్లో గొడవ పాపకూ మాకూ మధ్య కాకుండా, మా అందరికీ సణుగుడికీ మధ్య అయింది. చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, అప్పటిదాకా తనే చెడ్డదాన్నని నమ్ముతున్న పిల్ల ముఖంలో వచ్చిన తేటదనం నేను చూశాను. తర్వాత థర్మామీటర్ బొమ్మ గీసి, ఏ పనికి ఎంత భయమో సున్నా నుంచి పది వరకు తననే వేయమన్నారు. బడి సంచిని మంచం మీద పెట్టడం మూడు. బస్సులో కడ్డీ పట్టుకున్న చేత్తో చేగోడీ తినడం ఐదు. గుమ్మం దగ్గరి చెప్పులు ముట్టుకుని, చేతులు కడగకుండా నాయనమ్మ మంచం మీద కూర్చోవడం తొమ్మిది. పని మూడు దగ్గర మొదలైంది. ఆవిడ ముందు తాను చేసి చూపించి, తర్వాత పాపను అడిగేవారు. పాప వద్దంటే దాన్ని ఇంకా చిన్న మెట్టుగా విడగొట్టేవారు. బలవంతంగా చేయి పట్టి ముట్టించడం, చెప్పకుండా ముట్టించి తర్వాత "చూశావా, ఏమీ కాలేదు" అనడం ఈఆర్‌పీలో ఉండవు. ఎవరైనా అలా చేస్తే వెంటనే బయటకు వచ్చేయండి.

పాప ఏడ్చిన రోజులు ఉన్నాయి, దాచను. చేగోడీ చేతిలో పట్టుకుని, కన్నీళ్లు కారుతుండగానే తినేసి, "ఇప్పుడు ఆరు, ఇప్పుడు ఐదు" అని తనే లెక్క చెప్పుకుంది. ఆ రోజు తనకు కలిగిన గర్వం ఎన్ని ఫస్ట్ ర్యాంకులు వచ్చినా కలగదు.

అన్నిటికంటే కష్టమైన మెట్టు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో థెరపీ ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే. తలలో ఆలోచనలకు భయపడే పిల్లల చేత ఆ ఆలోచననే కాగితం మీద రాయించి, బయటకు చదివిస్తారు. "నాయనమ్మకు జబ్బు చేయవచ్చు" అని పాప రాయాలి, పోగొట్టడానికి దండం పెట్టకుండా ఉండాలి. అశుభం పలకకూడదనే ఇల్లు మాది. మా అమ్మకు విషయం తెలిసి రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. అప్పుడు సైకాలజిస్ట్ అమ్మను పిలిపించి విడిగా మాట్లాడారు. దేవుణ్ణి నమ్మవద్దని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. "మీరు పూజ చేసి లేచాక మనసు ఎలా ఉంటుంది?" అని అడిగారు. నిమ్మళంగా ఉంటుందని అమ్మ చెప్పింది. "మీ మనవరాలు దండం పెట్టాక కూడా నిమ్మళం రావడం లేదు, మళ్లీ పెడుతోంది, వణుకుతూ పెడుతోంది. అది భక్తి చేయిస్తున్నది కాదు" అన్నారు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "నా గురించే కదమ్మా రాయాల్సింది, నా ఎదురుగానే రాయి" అంది. మా పాప మెట్లన్నిటిలో గట్టి మలుపు అదే. మీ ఇంట్లో మడి, ఆచారం పాటించే పెద్దలు ఉంటే వారిని దూరంగా ఉంచకండి, మొదటి నుంచే లోపలికి తీసుకురండి. సంధ్యావందనానికి ముందు చేసే శుద్ధిని, ఓసీడీ చేయించే కడుగుడును విడదీసి చూడగల సైకాలజిస్ట్ దొరికితే పెద్దల సందేహాలు చాలావరకు వారే తీరుస్తారు.

ఇక తల్లిదండ్రుల వంతు. చికిత్సలో పెద్ద భాగం వారానికి ఒక గంట ఆ గదిలో కాక, మిగిలిన రోజులన్నీ ఇంట్లోనే జరుగుతుంది. పిల్లవాడు అడిగితే ధైర్యం చెప్పడం, విడిగా తువ్వాలు ఇవ్వడం, వాడి బదులు తలుపు చూసి రావడం ప్రేమ ఉన్న ప్రతి ఇంట్లోనూ చేసేవే. ఓసీడీకి మాత్రం అవే తిండి. వాటిని ఒక్కరోజులో ఆపకూడదు. పాపతో కూర్చుని, ఈ వారం ఏ ఒక్కటి తగ్గిద్దామో ముందే ఒప్పుకునేవాళ్లం. రాత్రి ప్రశ్న వచ్చినప్పుడు నా జవాబు ఇలా మారింది: "ఇది సణుగుడు అడుగుతున్న ప్రశ్న తల్లీ. నీకు ఇప్పుడు చాలా కష్టంగా ఉందని నాకు తెలుసు. జవాబు లేకుండా నువ్వు ఉండగలవు." మొదట్లో నా మీద కోపంతో తలుపు వేసుకునేది. నేను గొంతు పెంచకుండా, జవాబూ చెప్పకుండా గది బయట కూర్చునేవాణ్ణి. బడిలో క్లాస్ టీచర్‌తోనూ మాట్లాడాం. పెన్సిల్, రబ్బరు పక్కన పెట్టి పెన్నుతో రాయడానికి, కావాలని ఒక తప్పు ఉంచి నోట్‌బుక్ ఇవ్వడానికి ఆమె ఒప్పుకున్నారు. ఆ సాయం ఎన్నటికీ మరచిపోను.

పిల్లవాడు థెరపీకి రానని మొండికేస్తే కూడా దారి ఉంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన ‘స్పేస్’ అనే పద్ధతిలో శిక్షణ తల్లిదండ్రులకే ఇస్తారు. పిల్లవాడిని మార్చాలని చూడకుండా, మనం చేస్తున్న సర్దుబాట్లను ఒక్కొక్కటిగా తగ్గించడం అందులో పని.

మందుల విషయం. 2004లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న 112 మంది ఓసీడీ పిల్లలపై 12 వారాల అధ్యయనం ఫలితాలు వచ్చాయి. దాదాపు లక్షణాలు లేని స్థితికి చేరినవారు, థెరపీతో పాటు సెర్ట్రలీన్ అనే మందు తీసుకున్నవారిలో సుమారు 54 శాతం, ఒక్క థెరపీతో 39 శాతం, ఒక్క సెర్ట్రలీన్‌తో 21 శాతం, ఉత్తుత్తి మాత్రతో 4 శాతం. అందుకే "మందులతో సరిపెట్టలేమా" అన్న మీ ప్రశ్నకు నా సమాధానం: డాక్టరు అవసరమంటే మందు వేయించండి, భయపడకండి, కానీ థెరపీని వదలకండి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు కూడా జబ్బు బాగా ఇబ్బంది పెడుతున్న పిల్లలకు ముందుగా చెప్పేది కుటుంబాన్ని కలుపుకున్న ఈఆర్‌పీ థెరపీనే. మా పాప మొదట్లో కింది మెట్టుకే నిలవలేకపోయింది. సైకియాట్రిస్ట్ తక్కువ మోతాదుతో సెర్ట్రలీన్ మొదలుపెట్టి మెల్లగా పెంచారు. ఓసీడీలో ఈ మందుల ప్రభావం పూర్తిగా తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. వారం తిరగగానే పని చేయలేదని మానేయకండి, డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఎప్పుడూ ఆపకండి. మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు పిల్లవాడిలో చిరాకు, నిద్రలేమి, చచ్చిపోవాలన్న మాటలు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు తెలియజేయాలి.

ఒకవేళ మీ అబ్బాయికి ఇవన్నీ ఏడాదిగా కాక, గొంతు నొప్పి, జ్వరం తర్వాత రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా విరుచుకుపడి ఉంటే అది కూడా డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పండి. అలాంటి పిల్లల్లో ఇన్‌ఫెక్షన్ సంగతి వేరేగా చూడాల్సి ఉంటుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి అంటే, క్లినికల్ సైకాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఫోనులోనే అడగండి: పిల్లలకు ఈఆర్‌పీ చేస్తారా, ఇంటికి పని ఇస్తారా, తల్లిదండ్రులను కూర్చోబెడతారా. ఊపిరి వ్యాయామాలు, ధైర్యవచనాలు మాత్రమే చెబుతామంటే ఓసీడీకి అది చాలదు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో కూడా అడగవచ్చు. ఏ దారీ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మేము కొన్నాళ్లు ఊరి నుంచి హైదరాబాద్ తిరిగి, తర్వాత వీడియో కాల్‌లో కొనసాగించాం. ఇంట్లోని చెప్పులు, మంచం, దేవుడి గది దగ్గరే సాధన చేయించడానికి వీడియో ఇంకా అనుకూలంగా ఉంది.

మా పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పదో తరగతి పరీక్షల ముందు సణుగుడు మళ్లీ వచ్చింది, పాత థర్మామీటర్ తీసి కింది మెట్టు నుంచి తనే మొదలుపెట్టింది. నేను గుర్తుచేయాల్సిన అవసరం రాలేదు.

మీకు అపాయింట్‌మెంట్ దొరికేలోపు సొంతంగా మెట్లు కట్టి మాన్పించే ప్రయత్నం చేయకండి, కొళాయి కట్టేయకండి, కొట్టకండి. ఒక వారం పాటు ఏ సమయంలో ఏమి చేశాడు, దేనికి భయపడి చేశాడు, ఇంట్లో ఎవరు ఏ సాయం చేశారు అన్నది ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం వెంట తీసుకెళ్తే మొదటి సిట్టింగులో సగం సమయం కలిసివస్తుంది. వెళ్లే ముందు రోజు బాబుతో, "ఈ ఆలోచనలు చాలామంది పిల్లలకు వస్తాయట, వాటి సంగతి తెలిసిన వాళ్ల దగ్గరికి వెళ్తున్నాం, నువ్వు సరే అంటేనే ఏ పనైనా చేయిస్తారు" అని చెప్పండి. చివరి మాట తప్పకుండా చెప్పండి. వాడికి అన్నిటికంటే ఎక్కువ భయం దాని గురించే ఉంటుంది.