శాస్త్రీయ సంగీతం వింటే బీపీ తగ్గుతుందా? పిల్లల తెలివితేటలు పెరుగుతాయా?

ప్రశ్న: నా వయసు 52 ఏళ్లు. బీపీకి మాత్రలు వేసుకుంటున్నాను. రాత్రిళ్లు ఒక పట్టాన నిద్ర పట్టదు. రోజూ శాస్త్రీయ సంగీతం వింటే బీపీ తగ్గుతుందని, నిద్ర బాగా పడుతుందని, పిల్లలకు వినిపిస్తే తెలివితేటలు పెరుగుతాయని అంటున్నారు. నిజమేనా? పన్నెండేళ్ల మా అమ్మాయి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వింటూనే చదువుతుంది. అలా చదవొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: నిద్రకు, ఆందోళనకు, నొప్పికి సంగీతం బాగానే సాయపడుతుంది. బీపీ మీద ప్రభావం కొద్దిగానే, అదీ కాసేపే ఉంటుంది. వింటే తెలివి పెరుగుతుందన్న మాటకు మాత్రం గట్టి ఆధారం లేదు.

ఈ ప్రచారానికి మూలం 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాల పాటు యూరప్ శాస్త్రీయ సంగీతకారుడు మొజార్ట్ కూర్చిన సంగీతం వినిపించి, వెంటనే మడిచి కత్తిరించిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో ఊహించమనే తరహా పరీక్ష పెట్టారు. నిశ్శబ్దంగా కూర్చున్నప్పటి కంటే 8, 9 పాయింట్లు ఎక్కువ వచ్చాయి. అయితే ఆ తేడా పావుగంటకు మించి నిలవలేదు. అందులో పసిపిల్లలు లేరు, మొత్తం తెలివితేటల్నీ కొలవలేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక సంగీతం సీడీ ఇవ్వాలని ప్రతిపాదించేదాకా వెళ్లింది వ్యవహారం. తర్వాత 2010లో సుమారు 40 అధ్యయనాలను కలిపి చూస్తే మొజార్ట్‌కు ప్రత్యేకమైన మహిమ ఏదీ కనిపించలేదు. వేరే సంగీతం విన్నా దాదాపు అదే ఫలితం. నచ్చినది వింటే మనసు హుషారవుతుంది, హుషారుగా ఉన్నప్పుడు పరీక్ష కాస్త బాగా రాస్తాం. అంతవరకే. గర్భిణులు పొట్ట మీద స్పీకర్లు పెట్టుకోవడం కూడా అనవసరం. తల్లి వింటూ ప్రశాంతంగా ఉంటే చాలు.

వినడం వేరు, నేర్చుకోవడం వేరు. నేర్చుకునే పిల్లలకు ఓపిక, ఏకాగ్రత, శబ్దాల్లో సన్నని తేడాలు పట్టే నేర్పు అలవడతాయి. కానీ ఐక్యూ పెంచుతుందని సంగీతం క్లాసులో చేర్పించకండి. అమ్మాయికి ఇష్టముంటే సంగీతం కోసమే చేర్పించండి.

ఇక పాటలు వింటూ చదవడం. పాటలో మాటలుంటే మెదడు వాటినీ, పాఠంలోని మాటలనూ ఒకేసారి పట్టుకోవాలని చూస్తుంది. అందుకే చదివినట్టే ఉంటుంది, గుర్తుండదు. బట్టీ పట్టేటప్పుడు, కొత్త పాఠం అర్థం చేసుకునేటప్పుడు నిశ్శబ్దమే మేలు. బొమ్మలు వేయడం, నోట్స్ ఎత్తి రాయడం లాంటి పనులకు మాటల్లేని వాద్య సంగీతం తక్కువ సౌండ్‌తో పెట్టుకోవచ్చు. అమ్మాయి ఒప్పుకోకపోతే గొడవ పడకండి. ఒకే నిడివి ఉన్న రెండు పాఠాలు ఇచ్చి, ఒకటి సంగీతంతో, ఒకటి లేకుండా చదవమనండి. అరగంట తర్వాత పుస్తకం మూసి గుర్తున్నది రాయమనండి. నాలుగైదు రోజులు ఇలా చేస్తే తేడా తనకే తెలుస్తుంది.

వాల్యూమ్ గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ వారానికి 40 గంటల వరకే సురక్షితం, పిల్లలకు 75 డెసిబెల్స్. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే వినదగిన సమయం సగానికి పడిపోతుంది. ఫోన్‌లో వాల్యూమ్ 60 శాతం దాటకుండా లిమిట్ పెట్టండి. ఇయర్‌ఫోన్స్ తీశాక చెవుల్లో గుయ్‌మంటుంటే సౌండ్ ఎక్కువైనట్టే. ఒకసారి దెబ్బతిన్న వినికిడి కణాలు మళ్లీ పుట్టవు.

మీ నిద్ర విషయానికొస్తే, సంగీతం మీద నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఇక్కడే. పడుకునే ముందు ముప్పావుగంట, నిదానమైన, మాటల్లేని సంగీతం వినండి. శాస్త్రీయమే కానక్కర్లేదు, మీకు నచ్చాలి. అయితే శాస్త్రీయ సంగీతంలో మెల్లగా మొదలై చివర్లో వేగం, శబ్దం పెరిగేవి చాలా ఉంటాయి. సరిగ్గా కునుకు పట్టే వేళకు అవి లేపేస్తాయి. అందుకని ముందే పూర్తిగా విని నాలుగైదు ఎంచుకుని, రోజూ వాటినే పెట్టుకోండి. కొత్తవైతే మనసు వాటి వెంట పోతుంది. యాప్‌లో మధ్యలో ప్రకటనలు వస్తే నిద్ర చెడుతుంది కాబట్టి డౌన్‌లోడ్ చేసుకుని, స్లీప్ టైమర్ పెట్టి, ఫోన్ బోర్లించండి. ఇయర్‌బడ్స్‌తో నిద్రపోవద్దు. చెవిలో గుమిలి లోపలికి పోతుంది, ఒరుసుకుని ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. చిన్న స్పీకర్ చాలు. రెండు మూడు రోజులకే వదిలేయకుండా మూడు వారాలు చూడండి.

గురక గట్టిగా వస్తున్నా, నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పినా, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతున్నా అది స్లీప్ ఆప్నియా కావచ్చు. బీపీ అదుపులోకి రాకపోవడానికి అదీ ఒక కారణం. సంగీతంతో పోయేది కాదు, పరీక్ష చేయించుకోవాలి. వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు ఉంటే మెనోపాజ్ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి.

నిదానమైన సంగీతం వింటుంటే శ్వాస నెమ్మదిస్తుంది, దాంతో గుండె వేగం, బీపీ కాస్త దిగుతాయి. వేగవంతమైన సంగీతం ఇందుకు విరుద్ధం, గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది. ఫలానా రాగం ఫలానా జబ్బుకు మందు అంటూ తిరిగే జాబితాలను నమ్మి మాత్రలు ఆపొద్దు. ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. సంగీతం వినగానే బీపీ చూసుకుని, తగ్గిందని ఆ అంకెనే డాక్టర్‌కు చూపిస్తారు. రోజంతా మీ రక్తనాళాల మీద పడే ఒత్తిడి అది కాదు. దాన్ని బట్టి డోసు తగ్గిస్తే ప్రమాదం.

ఇంట్లో బీపీ చూసుకునే ముందు పాటలు, మాటలు, టీవీ ఏవీ లేకుండా ఐదు నిమిషాలు కూర్చోండి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, బీపీ మిషన్ పట్టీ బట్ట మీద కాకుండా చర్మానికే చుట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. ఉదయం మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, ఇలా వారం రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 దాటుతుంటే డాక్టర్‌ను కలవండి. 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చెయ్యో కాలో బలహీనపడటం ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.