ఇన్వర్టిబుల్ కౌంటర్‌పాయింట్‌లో పంచమాన్ని డిసొనెన్స్‌లా ఎందుకు చూడాలి?

ఇన్వర్టిబుల్ కౌంటర్‌పాయింట్ అంటే పై వరుసనూ కింది వరుసనూ తారుమారు చేసినా పొసగేలా స్వర వరుసలను కలిపి అల్లడం. ఆక్టేవ్ (ఎనిమిదో అంతరం; అంతరమంటే రెండు చివరి స్వరాలనూ కలిపి లెక్కించే దూరం) దగ్గర తారుమారు చేసే రెండు వరుసల కౌంటర్‌పాయింట్‌లో పంచమాన్ని (ఐదో అంతరాన్ని) డిసొనెన్స్‌గానే, అంటే పొసగక పరిష్కారం కోరే అంతరంగానే చూడాలి, ఎందుకంటే పై వరుస కిందికి వెళ్లగానే ఆ పంచమం నాలుగో అంతరంగా మారుతుంది, బాస్ (అన్నిటికంటే కింది వరుస) మీద ఒంటరిగా నిలిచే నాలుగో అంతరాన్ని ఈ శైలి డిసొనెన్స్‌గా లెక్కిస్తుంది.

ఆక్టేవ్‌కు మించని ఏ అంతరమైనా తారుమారైతే, పాతదీ కొత్తదీ కలిపి 9 అవుతాయి. మూడోది ఆరోదిగా, ఆరోది మూడోదిగా మారినా రెండూ కాన్సొనెన్సులే (ఇంపుగా పొసగే అంతరాలే) కనుక ఈ రచనకు అవే వెన్నెముక. రెండోదీ ఏడోదీ ఎటు తిప్పినా డిసొనెన్సులే. స్వభావం మార్చుకునేది 5, 4 జత ఒక్కటే.

ఉదాహరణకు, కింద ‘సి’ నిలిచి ఉండగా పైన ‘జి’ బలమైన తాళంపై పడితే, తారుమారు చేశాక ‘జి’ బాస్ అయి పైనున్న ‘సి’తో పరిష్కారం లేని నాలుగో అంతరం మిగులుతుంది. అదే ‘జి’ని బలహీనమైన తాళంపై ఎ–జి–ఎ అన్న కదలికలో పొరుగు స్వరంగా రాస్తే 6–5–6 అంతరాలు 3–4–3గా మారతాయి, చెవికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఈ నియమం చూసి పంచమమే నిషిద్ధమని చాలామంది పొరబడతారు. నిజానికి నియంత్రించవలసింది దాని స్థానాన్నీ అది కదిలే తీరునూ మాత్రమే. పైగా ఈ జాగ్రత్త ఆక్టేవ్ దగ్గర తారుమారుకే వర్తిస్తుంది: పన్నెండో అంతరం దగ్గర చేస్తే మొత్తం 13 కాబట్టి పంచమం ఆక్టేవ్‌గా మారి కాన్సొనెన్స్‌గానే ఉంటుంది, ఏడోదిగా మారే ఆరో అంతరమే అక్కడ చిక్కు తెస్తుంది.